జోలెయు, కవరును

పోలింగు ముగియు గడియకు ముందటి నలువదియెనిమిది గంటలలో బహిరంగసభలు కూడదని 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య శాసనము 126వ సెక్షను విధించుచున్నది. మైకులు మూగవోవును. ఊరేగింపులు నిలిచిపోవును. ఇంటింటికి పోయి ఓటడుగుటకు మాత్రము అభ్యంతరము లేదు. ఓటరు నిమ్మళముగా నాలోచించుకొనుటకై యేర్పఱచిన యీ మౌనములో మన పట్టణమున జరుగు పని యేదియో చదువరు లెఱుంగనిది కాదు. చీకటిపడగానే యిద్దఱు వీథిలో ప్రవేశింతురు. ఒకని చేత ఓటర్ల జాబితా, రెండవవాని సంచిలో కవర్లు. ఇంటికెన్ని ఓట్లో చూచి, అన్ని కవర్లిచ్చి, పేర్ల కెదుట గీత గీతురు. పాలఖాతా యైనను ఇంత శ్రద్ధగా వ్రాయబడదు.

ఇంటింటికి తిరుగుట తప్పని మేమనము. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, జూన్ 30 లోపల తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలును, కోటి సభ్యులును, ఇరువది లక్షల రాట్నములును సమకూర్పవలెనని తీర్మానించెను. జోలె భుజమున వైచుకొని గడపగడపకును పోయిన వాలంటీర్లు లేనిదే ఆ నిధి కోటికి మించియుండునా? ఆనాడు వచ్చినవాడు అణాలడిగెను. ఇల్లాలు దాత యయ్యెను. నేడు వచ్చువాడు నోట్లిచ్చును. ఆ యిల్లే సరకగుచున్నది.

2024 మే నెల ఎన్నికలకు ముందు, డబ్బు పుచ్చుకొనవలదని చెప్పుటకై మిత్రులతో మేమును తిరిగితిమి. పుచ్చుకొనుటయు నేరమే, 1920లో శిక్షాస్మృతిలో చేర్చిన 171-బి సెక్షను అట్లే చెప్పెను, దాని స్థానమున వచ్చిన న్యాయసంహిత 170వ సెక్షనును అట్లే చెప్పుచున్నది. ఈ ధర్మశాస్త్రమును ఒక ముసలమ్మకు వినిపింపబోయితిమి. (ప్లీడర్లకిది పుట్టుకతో వచ్చిన జాడ్యము.) ఆమె మా చేతులవంక చూచి, "ఐదేళ్ళకొక్కసారి మా గడప తొక్కుతారు బాబూ. ఈ మురుగుకాలవ సంగతి ఎవరు విన్నారు? ఇచ్చే ఆ కాస్తా వద్దంటే మాకింకేం మిగులుతుంది?" అనెను. మాకు జవాబు తోచలేదు. ఇప్పటికిని తోచలేదు.

ఆమెను దూషించుటకు మాకు నోరు రాదు. మేము దూషించునది వేఱొకరిని. చదువుకొన్న పెద్దమనుష్యులు కవరు ముట్టరు. తమ అపార్టుమెంటు గోడలకు రంగులో, లిఫ్టునకు మరమ్మతో, సంఘము పేరిట అభ్యర్థికి విన్నవింతురు. పని జరిగినపిమ్మట పఠనమందిరమున గూర్చుండి, బీదలు ఓట్లమ్ముకొనుచున్నారని వాపోవుదురు! లంచమనగా రొక్కమే కాదని 123వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. ఆ ముసలమ్మకైన కాలువ కష్టమున్నది. వీరికేమున్నది?

ఎన్నికల సంఘము రద్దు చేయుచునే యున్నది. డబ్బు పంపకము కారణముగా 2017లో చెన్నపట్టణపు రాధాకృష్ణన్ నగరు ఉపఎన్నికను రద్దుచేసెను; 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నిక సంఘము సిఫారసుపై రాష్ట్రపతిచే రద్దు చేయబడెను. కాని ప్రతి గడపకడను సంఘము కావలి కాయజాలదు.

వచ్చు ఆదివారము ఆ వీథికి మరల పోవుచున్నాము. ఎన్నికల ప్రసక్తి లేదు. కాలువను గూర్చి పురపాలక సంఘమునకు వ్రాసిన అర్జీపై సంతకములకై. మొత్తము పట్టణమునుండి నలుగురు వత్తుమనిరి. కవర్లు పంచువారు వీథి కిద్దఱు.