నీళ్లు మానేసిన తమ్ముడు

పెద్ద కొడప్‌గల్‌కు మేము వెళ్లింది ఒక తమ్ముణ్ణి పరామర్శించడానికి. తాటిచెట్టు మీదినుండి పడి అతని వెన్నుపూస విరిగింది. కాళ్లలో పట్టులేదు, మూత్రం నిండిందన్న స్పృహా లేదు. నాలుగు నుండి ఆరు గంటలకోసారి సన్నని గొట్టంతో మూత్రాశయాన్ని ఖాళీ చేసుకొని, వెంటనే గొట్టం తీసివేయడం ఆసుపత్రిలో నేర్పి పంపారు.

మేము వెళ్లేసరికి చలిజ్వరంతో వణుకుతున్నాడు. మంచం పక్కన చెంబులో నీళ్లు ముట్టనట్టే ఉన్నాయి.

"నీళ్లు తాగుతలేడన్నా. తాగితే మళ్ల గొట్టం ఎయ్యాలె గద అంటడు" అంది ఇల్లాలు. రోజుకు రెండుసార్లే వేసుకుంటున్నాడట. చుట్టాలు వస్తే అదీ లేదు. "ఈ గొట్టంతోనే రోగమొచ్చింది, ఇడిసిపెడ్త" అన్నాడతను.

ప్రియ పాఠకులారా, ఈ మాట చాలా ఇళ్లలో వినబడుతుంది. ఇందులో సగమే నిజం. గొట్టంతోపాటు క్రిములు లోపలికి వెళ్లడం నిజమే. కాని వాటికి బలమిచ్చేది నిలవ మూత్రం. మూత్రాశయం అతిగా సాగితే దాని గోడకు రక్తప్రసరణ తగ్గి, క్రిములను ఎదిరించే శక్తి పోతుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాక్ లాపిడిస్ 1972లో ఈ సంగతే చెప్పాడు. ఆపరేషన్ గదిలోవంటి శుద్ధి లేకపోయినా, సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన గొట్టం చాలు, వేళ తప్పకూడదన్నాడు. అంతకుముందు వెన్ను దెబ్బతిన్నవారిలో ఎందరో చివరకు మూత్రపిండాలు చెడి చనిపోయేవారు.

ఇతర చిక్కులూ లేకపోలేదు. జెల్లీ రాయకుండా తోస్తే నాళం ఒరుసుకొని రక్తం పడుతుంది. అడ్డు తగిలినప్పుడు బలవంతం చేస్తే పక్కకు దారి చీలవచ్చు, మానిన చోట నాళం ఇరుకు కావచ్చు. పురుషులకు వృషణాల దగ్గర వాపు రావచ్చు. గొట్టానికి అంటుకొని లోపలికి పోయిన వెంట్రుక చుట్టూ రాయి పేరుకున్న సందర్భాలున్నాయి! ఛాతీ పైభాగాన వెన్ను దెబ్బతిన్నవారికి మూత్రం నిండగానే రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, తల పగిలిపోతున్నట్టు నొప్పి, చెమటలు వస్తాయి. అప్పుడు కూర్చోబెట్టి వెంటనే ఖాళీ చేయాలి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకొక మాట. పరీక్షలో క్రిములు కనబడినంత మాత్రాన యాంటీబయాటిక్ మింగనక్కరలేదు, గొట్టం వాడే వారిలో అవి సాధారణమే. జ్వరం, చలి, నడుంనొప్పి ఉంటే మాత్రం ఆలస్యం చేయరాదు. అందుకే అతణ్ణి అప్పుడే ఆటోలో బాన్సువాడకు తీసుకెళ్లాము.

దారిలో అతనికి డాక్టర్ మేరీ వర్గీస్ సంగతి చెప్పాము. 1954లో ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా, చక్రాల కుర్చీలోనుండే ఆమె కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఇలాంటి రోగుల కోసం 1966లో పునరావాస సంస్థ మొదలైంది ఆమె చొరవతోనే. "డాక్టరమ్మకు గూడ ఇట్లనే అయ్యిందా?" అని రెండుసార్లు అడిగాడు.

పదిరోజుల తరువాత వెళితే గోడకు కాగితం అంటించి ఉంది: వేళ, తాగిన నీళ్లు, వచ్చిన మూత్రం. ఒక్కసారికి అర లీటరు దాటకూడదని డాక్టరుగారు చెప్పారట. దాటిన చోట ఇల్లాలు ఎర్ర సిరాతో గీత గీసింది. రెండే గీతలు. రెండూ పెళ్లిరోజువే.

"పెండ్లిల ఏడ ఏసుకోవాలన్నా?" అన్నాడు. ఈసారి పెళ్లివారింట ముందుగా ఒక గది అడిగి పెట్టడం మా వంతు అని ఒప్పుకొని వచ్చాము.