చలిమంట వేసిన పొరుగువారు

ఓడ బద్దలైపోయింది. పద్నాలుగు రోజులు తుపానులో కొట్టుకుపోయిన 276 మంది ఒడ్డుకు చేరారు. ఈత వచ్చినవారు ఈదుకుంటూ, రానివారు ఓడ చెక్కలు పట్టుకొని ప్రాణాలు దక్కించుకున్నారు. పైన వాన, ఒంటి మీద తడిబట్టలు, ఎముకలు కొరికే చలి. అది మెలితే ద్వీపం, నేటి మాల్టా. ఆ ద్వీపవాసులు వచ్చినవారి ఊరూ పేరూ అడగలేదు. వారిలో సైనికులెవరు, ఖైదీలెవరు అని విచారించలేదు. ముందు మంట వేశారు. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో ఈ సంగతి రాసిన లూకా, వారు చూపిన దయ మామూలుది కాదని ప్రత్యేకంగా చెప్పాడు. అపొస్తలుడైన పౌలు ఆరోజు చలి కాచుకున్నది విశ్వాసుల ఇంట్లో కాదు, ముక్కూ ముఖం తెలియని పరాయివారు వేసిన మంట దగ్గర.

ఈ వాక్యభాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. దాని లోతు మాత్రం ఒక చలికాలపు ఉదయాన మాకు తెలిసివచ్చింది.

కోటప్పకొండ చుట్టూ ఉన్న పల్లెల్లో ఒకదానిలో మా సంఘం ఉంది. అవి పుష్యమాసపు రోజులు. ఉదయం ఏడున్నర దాటినా త్రికూటేశ్వరుని కొండ మంచులో కనిపించేది కాదు. మా సంఘంలో డెబ్భై దాటిన ఒక తల్లి వరుసగా రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. భర్త లేడు, పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉన్నారు. ప్రార్థన మనవుల్లో ఆమె పేరు చదివాం. క్రిస్మస్ నాడు ఆమెకు కొత్త దుప్పటి కూడా ఇచ్చాం. ఇంటికి వెళ్లి చూసినవాళ్లం మాత్రం మాలో ఒక్కరమూ లేం.

ఆమె తలుపు తట్టింది పాలు పోసే పొరుగావిడ. ప్రతి ఏడూ శివరాత్రికి కొండెక్కే భక్తురాలు. లోపలినుంచి పలుకు లేకపోతే నలుగురిని కేకేసి తలుపు తీయించింది. ఆ తల్లి జ్వరంతో, ఆయాసంతో, మాట తడబడే స్థితిలో ఉంది. 108కి ఫోన్ చేయించి, తన ఇంటి రగ్గు తెచ్చి కప్పి, నరసరావుపేట ఆసుపత్రి దాకా తోడు వెళ్లింది. న్యుమోనియా అని డాక్టర్లు చెప్పారు. మేము ఆసుపత్రికి చేరేసరికి మంచం పక్కన కూర్చొని గోరువెచ్చని నీళ్లు తాగిస్తోంది. మీకెలా తెలిసిందమ్మా అని అడిగాం. “రెండ్రోజుల్నించి పాలగిన్నె బయట పెట్టలేదు అయ్యగారూ, అందుకే తట్టా” అంది. అంతే.

దేవుని కృపవల్ల ఆ తల్లి కోలుకుంది. ఆ మాట మాత్రం మమ్మల్ని వదల్లేదు. మేము ఆమె పేరును మైకులో చదివాం. పాలావిడ ఆమె గిన్నె వంక చూసింది. ఒంటిమీద బట్ట లేనివాడికి వెచ్చగా ఉండమని దీవెన చెప్పి, బట్ట మాత్రం ఇవ్వకుండా పంపించేవారి విశ్వాసాన్ని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో నిలదీశాడు. ఇన్నేళ్లూ ఆ మందలింపు వేరెవరికో అనుకున్నాం. మేమైతే దుప్పటి కూడా ఇచ్చాంగదా అని సర్దిచెప్పుకోబోయాం. కానీ మూసిన తలుపు వెనక దుప్పటి ఒక్కటే మనిషిని కాపాడదు.

ఇది మా ఒక్క సంఘం సంగతే అయితే పత్రికలో రాయవలసిన పని లేదు. పల్నాడులో చలి గురించి మనమంతా ఒకే పొరపాటు చేస్తున్నామని మాకు అనిపిస్తోంది. మనది ఎండల సీమ. వేసవి వస్తే రెంటచింతల పేరు పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది. చలి వార్తలు మాత్రం లంబసింగి నుంచో, చింతపల్లి నుంచో, ఆదిలాబాద్ నుంచో వస్తాయి. మనం వాటిని చదివి, మనకేం ఫరవాలేదులే అనుకుంటాం.

దీనికి ఒక కారణం లెక్కల్లో ఉంది. మైదాన ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గానీ అంతకన్నా దిగువకు గానీ పడిపోయి, ఆ రోజుల్లో మామూలుగా ఉండేదానికన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులుగా లెక్కిస్తుంది. మన మైదానంలో అంత తగ్గడం అరుదు. కాబట్టి హెచ్చరిక రాదు. 2015 వేసవిలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. ఎండ మీద మండలాల వారీగా హెచ్చరికలు, వీధివీధినా చలివేంద్రాలు మనం ఎరిగినవే. చలికి అలాంటి అప్రమత్తత మన ప్రాంతంలో కనిపించదు. హెచ్చరిక రాని చోట పొరుగువాడే హెచ్చరిక కావాలి.

చలి ప్రాణం తీస్తుందా అని అడిగేవారికి జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు జవాబిస్తాయి. 2019 నుంచి 2023 దాకా అయిదేళ్లలో మన దేశంలో చలికి గురై చనిపోయినవారు 3,639 మంది. ఇవి ప్రమాద మరణాలుగా నమోదైనవి. చలికి రక్తనాళాలు ముడుచుకొని బీపీ పెరిగి గుండె ఆగినవారు, ఉబ్బసం ముదిరి ఊపిరాడనివారు సాధారణంగా ఈ లెక్కలోకి రారు. వారు జబ్బుతో పోయినట్టే రాసుకుంటారు. పైగా వయసు మీదపడిన కొద్దీ చలి తెలియడం కూడా తగ్గుతుంది. ఒళ్లు చల్లబడుతున్నా ఆ పెద్దలు కేకవేసి చెప్పరు. మాట ముద్దగా రావడం, మగతగా ఉండడం, నడక తూలడం చూసి ఎదుటివారే గ్రహించాలి. ఎదుటివారంటూ ఒకరుండాలి కదా!

పోనీ, ఇది పేదరికం వల్ల వచ్చిన ఇబ్బంది అనుకుందామా? మన పల్నాడు పిల్లలు ఎందరో స్థిరపడిన అమెరికా వైపు చూద్దాం. 2021 ఫిబ్రవరి నడుమ టెక్సాస్ రాష్ట్రాన్ని మంచు తుపాను కమ్మేసింది. 40 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది చనిపోగా, వారిలో 161 మంది నేరుగా చలికే బలయ్యారు. మరో 19 మందిని కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు చంపింది. వెచ్చదనం కోసం షెడ్డులో కారు ఇంజను ఆన్‌చేసుకొని కూర్చోవడం, ఇంట్లో బొగ్గుల పొయ్యి వెలిగించడం లాంటివి ఈ విషవాయువును ఇంట్లోకి తెస్తాయి. మన పల్లెల్లో తలుపులూ కిటికీలూ బిగించి కుంపటి పక్కన పడుకునేవారికి పొంచి ఉన్నదీ ఈ ప్రమాదమే.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల్లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. ఆ రోజుల్లో ఒక వీధిలో చీకటి, పక్క వీధిలో వెలుగు. ఆసుపత్రులు, అగ్నిమాపక కేంద్రాలు ఉన్న లైన్లకు కరెంటు తీయలేదు కాబట్టి వాటి పక్కనున్న ఇళ్లు కూడా వెచ్చగా ఉన్నాయి. కరెంటు ఉన్నవారి ఇళ్లలో లేనివారు తలదాచుకున్నారు. ప్రపంచంలోనే సంపన్నమైన దేశంలో, చేతిలో డబ్బూ కారూ ఉన్నా, ఆ రాత్రికి పనికొచ్చింది తలుపు తెరిచిన పొరుగువాడే. ఇక్కడ నరసరావుపేటలో, చిలకలూరిపేటలో తల్లిదండ్రులు ఫోన్ పట్టుకొని జాగారం చేయడం తప్ప ఏమీ చేయలేకపోయారు. అక్కడ పిల్లలకూ పక్కింటివారే దిక్కు, ఇక్కడ తల్లిదండ్రులకూ పక్కింటివారే దిక్కు. దూరాన ఉన్న తోబుట్టువుకన్నా దగ్గరున్న పొరుగువాడు మేలని సామెతల గ్రంథం 27వ అధ్యాయం చెప్పిన సంగతి ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?

అయితే పొరుగువాడు అంటే ఎవరు? ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగిన ఈ ప్రశ్న పల్నాడు మిరప చేలలో మనల్నీ అడుగుతోంది. పత్తితీత, మిర్చికోతల కాలంలో కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి కూలీ కుటుంబాలు పిల్లాజెల్లాతో మన ఊళ్లకు వలస వస్తాయి. చేల గట్ల మీద, ఊరి చివర ఖాళీ స్థలాల్లో పట్టాలు కప్పిన గుడిసెల్లో నెలల తరబడి ఉంటారు. కింద తడినేల, పైన మంచు. 2010లో సుప్రీంకోర్టు నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున నిరాశ్రయులకు రాత్రి వసతి కల్పించాలని చెప్పింది. చేలగట్టు మీది గుడిసెకు ఆ ఏర్పాటూ వర్తించదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన చేలలో పత్తి, మిరప దెబ్బతిన్నాయని బాధపడ్డాం. అది న్యాయమైన బాధే. పైరు నష్టం లెక్కలు వేయడానికి అధికారులు వచ్చారు. అలాంటి వానరాత్రి ఆ పట్టాల కింద తడిసిన పసిబిడ్డ లెక్క ఎవరు వేస్తారు?

పేదవాడి పైవస్త్రాన్ని తాకట్టు పట్టినవాడు పొద్దు గుంకకముందే దాన్ని తిరిగి ఇచ్చేయాలని నిర్గమకాండం 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. రాత్రికి అతడు కప్పుకోవడానికి వేరే బట్ట లేదు, అతడు మొర పెడితే దేవుడు వింటాడు. ఈ ఆజ్ఞలో మనం గమనించవలసింది గడువు. పండుగ నాటికి అనలేదు, పొద్దు గుంకేలోగా అంది. దేవుడు పేదవాడి చలిని ఏ పూటకాపూట లెక్కగడుతున్నాడు. మన సంఘాలు క్రిస్మస్ నాడు దుప్పట్లు పంచుతున్నాయి. మంచిదే. ఫొటో దిగి, పేర్లు చదివి, మళ్లీ వచ్చే డిసెంబరు దాకా మరిచిపోతే ఆ ఆజ్ఞను సగమే నెరవేర్చినట్టు. సంక్రాంతి దాటినా చలి ఉంటుంది. వెరసిన చేతులతో ఎదురుచూసే తల్లులూ ఉంటారు.

అందుకని మా సంఘంలో కొన్ని చిన్న పనులు మొదలుపెట్టాం. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆలస్యంగా నేర్చుకున్న పాఠంగా చెబుతున్నాం. ఒంటరిగా ఉండే పెద్దల ఇళ్లను స్త్రీల సమాజం పంచుకుంది. ప్రతి ఉదయం ఒకరు ఆ వాకిట నిలబడి పలకరించి వస్తారు. అందులో మా విశ్వాసులు ఎవరు, కానివారు ఎవరు అన్న తేడా పెట్టుకోలేదు. వారి పిల్లల ఫోన్ నంబర్లు రాసుకున్నాం. పెద్దల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాం. కుంపటి పెట్టుకుంటే కిటికీ కాస్త తెరిచి ఉంచమని, పడుకునేముందు దాన్ని బయట పెట్టేయమని చెబుతున్నాం. దుప్పట్లు క్రిస్మస్ దాకా దాచకుండా నవంబరులోనే ఇస్తున్నాం. కూలీల మేస్త్రిని కలిసి గుడిసెల్లో బాలింతలు, పసిపిల్లలు ఎందరున్నారో అడిగాం. వానరాత్రి వస్తే ప్రార్థన మందిరం తాళం తీసే బాధ్యత యువకులు తీసుకున్నారు. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. కాస్త గమనిక, కాస్త సమయం చాలు.

ఇలా చేస్తే ప్రభుత్వం బాధ్యత తప్పించుకోదా అని కొందరు అడిగారు. తప్పించుకోకూడదు. వలస కూలీలకు పొడినేల, గట్టి కప్పు అడగాలి. చలికాలంలో పెద్దల ఇళ్లకు ఆరోగ్య సిబ్బంది వెళ్లి బీపీ, ఆయాసం చూసిరావాలని అడగాలి. అధికారుల దగ్గరకు ఊరు కలిసి వెళ్లాలి. అయితే రాత్రి రెండు గంటలకు ఆయాసం వచ్చిన మనిషికి మొదట వినిపించేది పక్కింటి తలుపు చప్పుడే. అర్జీ మీద సంతకం పెట్టిన చేయే ఆ తలుపూ తట్టాలి.

రోమా చెరలో ఉన్న పౌలు తన చివరి రోజుల్లో తిమోతికి రాసిన రెండో పత్రికలో ఒక చిన్న కోరిక కోరాడు. త్రోయలో ఒక స్నేహితుని ఇంట్లో వదిలేసిన అంగీ తెచ్చిపెట్టమని, చలికాలం ముంచుకురాకముందే రమ్మని అడిగాడు. అంతటి అపొస్తలుడికీ చలి వేసింది. స్నేహితుడు ఆలస్యంగా వస్తే ఉపయోగం లేదని ఆయనకు తెలుసు. మెలితేలో అదే పౌలు ఊరికే మంట దగ్గర కూర్చోలేదు, తానూ పుల్లలు ఏరి మంటలో వేశాడు. సాయం పొందినవాడు సాయపడే చేతుల్లో కలిశాడు. మా సంఘంలో కోలుకున్న ఆ తల్లి ఇప్పుడు రోజూ ఉదయం పాలావిడ వాకిలి దాకా నడిచి వెళ్లి, ఆమె లేచిందో లేదో చూసి వస్తోంది.

శివరాత్రికి చలి వెళ్లిపోతుందని మన పెద్దల మాట. ఆనాటికి కొండ చుట్టూ పల్లెలు ప్రభలు కట్టుకొని తిరునాళ్లకు కదులుతాయి. మా విశ్వాసం వేరైనా, అంతెత్తు ప్రభను ఒక్కడు నిలబెట్టలేడని, ఊరంతా మోకులు పట్టాలని చూస్తూనే పెరిగాం. ఆ రోజు వచ్చేసరికి మన వీధిలో ఒక్క తలుపూ మూతపడి ఉండకుండా చూడడం మన అందరి పని. ప్రియ పాఠకులారా, ఈ రాత్రి పొద్దు గుంకకముందు ఒక్కసారి బయటికి వచ్చి చూడండి. మీ పక్కింటి గిన్నె వాకిట్లో ఉందా?