ప్రశ్నార్థకచిహ్నమా, ప్రశ్నయా?

మన ప్రాథమిక పాఠశాలలలో పసిపిల్లలకు ప్రశ్నకును సామాన్యవాక్యమునకును గల భేదమును నేర్పు పద్ధతి యొకటి కలదు. వాక్యము చివర కొడవలివంటి గీతయు దానిక్రింద చుక్కయు నున్నచో అది ప్రశ్న; ఉత్తచుక్క యున్నచో కాదు. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అను మాటలు కనబడినచో అది ప్రశ్న, కనబడనిచో కాదు. ఈ రెండు సూత్రములను పలకమీద వ్రాయించి, పదిమారులు వల్లెవేయించి, పరీక్షలో రెండు మార్కులు వేసి, ఉపాధ్యాయుడు తన పని ముగిసినదని తలంచుచున్నాడు. ఈ పద్ధతి తప్పని నా వాదము. తప్పు మాత్రమే కాదు, హానికరము కూడను. ఇది బిడ్డకు తెలిసినదానిని మరపించి, తెలియవలసినదానిని మరుగుపరచుచున్నది.

మొదట మాటల జాబితాను పరీక్షింతము. ‘ఎవరో వచ్చిరి.’ ‘ఎవరును రాలేదు.’ ‘ఎక్కడ నున్నను సుఖముగా నుండుము.’ ‘వాడేమి తినెనో నాకు తెలియదు.’ ఈ నాలుగింటను జాబితాలోని మాటలున్నవి. ఒక్కటియు ప్రశ్న కాదు. ‘అన్నము తింటివా’, ‘అది పామా’ అను రెంటిలో ఆ మాటలలో నొక్కటియు లేదు, రెండును ప్రశ్నలే. తెలుగున ఇట్టి ప్రశ్నకు ప్రాణము మాటచివర వచ్చు ఆకారము. అది క్రియనే పట్టుకొని వ్రేలాడునది కాదు. సందేహ మెచ్చట నున్నదో అచ్చటికి పోయి చేరును. ‘అమ్మ తమ్మునికి లడ్డు ఇచ్చినదా?’ ‘అమ్మయా తమ్మునికి లడ్డు ఇచ్చినది?’ ‘తమ్మునికా అమ్మ లడ్డు ఇచ్చినది?’ ‘లడ్డా అమ్మ తమ్మునికి ఇచ్చినది?’ ఈ నాలుగింటి తారతమ్యము, లడ్డు దొరకని చిన్నబిడ్డకు మనకంటె బాగుగా తెలియును. కోస్తాబిడ్డ ‘వచ్చాడా’ యనును. తెలంగాణపు బిడ్డ ‘వచ్చిండా’ యనును. పాతపుస్తకము ‘వచ్చెనా’ యనును. మూటియందును ఆ యాకారమే. ‘తమ్ముడా’ అన్నది పిలుపో ప్రశ్నయో కాగితముమీద తెలియకపోవచ్చును గాని చెవికి తెలియును.

ఇంగ్లీషున ప్రశ్న కొరకు మాటల వరుస మారును. సంస్కృతమున వాక్యారంభమున ‘అపి’ యో ‘కిమ్’ అనునదియో వచ్చి ఇది ప్రశ్న యని చాటును. మన భాష నడక వేరు. ఆ నడకను బిడ్డ తల్లి యొడిలోనే నేర్చి బడికి వచ్చుచున్నది. ఆ విద్యను మూలకు త్రోసి పరభాషా వాచకములనుండి తెచ్చిన జాబితాను చేతికిచ్చుట చేపపిల్లకు ఈత నేర్పబూనుట వంటిది.

ఇక చిహ్నము మాట. మన తాళపత్రగ్రంథములలో ఈ చిహ్నము లేదు. పదములమధ్య ఎడమైన లేకుండ వ్రాసిన ఆ గ్రంథములను చదివినవారు ప్రశ్నను ప్రశ్నగానే గ్రహించుచుండిరి. ఐరోపాఖండమున 8వ శతాబ్ది చివర లాటిను వ్రాతప్రతులలో పుట్టిన గుర్తు, అచ్చుయంత్రము వెంట మన కడకు వచ్చినది. గ్రీకులు ఇదే పనికి ఇంగ్లీషు సెమికోలనువంటి గుర్తును వాడుదురు. స్పెయినుదేశపు రాజకీయ భాషాపరిషత్తు 1754లో వాక్యారంభమునను తలక్రిందులైన గుర్తు నొకదాని నుంచవలెనని నిర్ణయించినది; చదువువాని గొంతు ముందుగానే సిద్ధపడవలెనని దాని యుద్దేశము. అనగా ఎచ్చటనైనను చిహ్నము స్వరమునకు గుర్తు మాత్రమే. చిహ్నము వలదని నేననను. చెవి గుర్తించిన పిమ్మట, నోరు పలికిన పిమ్మట, చేయి దానిని వ్రాయవలెను. మనము చేతితో మొదలుపెట్టి చేతితోనే ముగించుచున్నాము.

ఇంతవరకు చెప్పినది వ్యాకరణము. అసలు కీడు ఇంతకంటె లోతున నున్నది. మన యిండ్లలోను బడులలోను పెద్దలు పిల్లల నడుగు ప్రశ్నలను ఒక దినము లెక్కింపుడు. ‘నీకు బుద్ధి యున్నదా?’ ‘నోరు మూసికొందువా లేదా?’ ‘ఎన్నిమారులు చెప్పవలెను?’ వీని కన్నిటికిని చివర చిహ్నము పెట్టవచ్చును. జాబితాలోని మాటలును కొన్నిట నున్నవి. కాని ఇవి ప్రశ్నలు కావు. తిట్లు, బెదరింపులు, ఆజ్ఞలు. ‘ఎన్నిమారులు చెప్పవలెను?’ అన్నప్పుడు పసివాడు వ్రేళ్లు మడిచి ‘మూడుమారులు’ అన్నచో ఏమగును? వీపు మ్రోగును. బడిలో మనము నేర్పిన సూత్రప్రకారము వాడు చెప్పినదే సరియైన జవాబు!

ఎదురుదిక్కున మరియొక వింత. వాచకములో పాఠము చివర ‘ప్రశ్నలు’ అని శీర్షిక యుండును. దానిక్రింద ‘గోదావరినిగూర్చి వ్రాయుము’ అని యుండును, అది ఆజ్ఞ. ‘సూర్యుడు ...... దిక్కున ఉదయించును’ అని యుండును. అది విరిగిన వాక్యము. వీనికి జవాబులు గైడులో అచ్చయి యుండును. బిడ్డ జవాబును కంఠస్థము చేయును. ప్రశ్న ఏమైనదో ఎవరికిని పట్టదు.

కావున ప్రశ్న యనగా నేమో ముందు మనము తేల్చుకొనవలెను. అడుగువానికి ఒకటి తెలియకుండవలెను. తెలిసికొనవలెనను కోరిక యుండవలెను. జవాబు చెప్పువానికి ‘కాదు’ అనుటకును ‘తెలియదు’ అనుటకును స్వేచ్ఛ యుండవలెను. ఈ మూడును ఉన్నది ప్రశ్న. మూడవది లేనిది, ఎన్ని చిహ్నములు తగిలించినను, ప్రశ్నవేషము వేసిన శాసనము. పాఠము వచ్చినదో లేదో చూచుటకు ఉపాధ్యాయుడు తెలిసినదానినే అడుగవలసి యుండును, అది పరీక్ష. దానిని పరీక్ష యనియే చెప్పి అడుగుట న్యాయము. దినమంతయు పరీక్షయే జరుపుచు ‘నేను పిల్లలను ప్రశ్నలడుగుచున్నాను’ అనుకొనుట మాత్రము ఆత్మవంచన.

మన తరగతులలో అన్నిటికంటె ఎక్కువగా వినబడు ప్రశ్న ‘అర్థమైనదా?’ అనునది. దానికి జవాబు ‘అయినదండీ’ అని బృందగానము. దాని విలువ ఎంతయో తెలిసికొనుటకై నేను రెండవ తరగతిలో, అదే స్వరముతో, ‘ఆవునకు ఆరు కాళ్లు, అర్థమైనదా?’ అంటిని. నలుబదిమందియు ‘అయినదండీ’ అనిరి. ఒక్క బాలికమాత్రము నోరు తెరచి, ఇరుప్రక్కల చూచి, మూసికొన్నది. ఆ పిల్లకు ఆవు కాళ్లు తెలియక కాదు. అది ప్రశ్న కాదని, దానికి ఒక్కటే జవాబు చెల్లునని ఏడేండ్ల ప్రాయముననే తెలిసిపోయినది. తక్కిన ముప్పదితొమ్మండుగురకు ఆ తెలివియు లేదు; వినుటయే మానిరి.

ఇది మన దేశపు జాడ్యము మాత్రమే కాదు. బార్బరా టిజార్డు, మార్టిను హ్యూస్ అను పరిశోధకులు లండనులో నాలుగేండ్ల బాలికలు 30 మందిని ఇంటను, శిశుపాఠశాలలోను గమనించి 1984లో గ్రంథము ప్రకటించిరి. తల్లికడ గంటకు సగటున 26 ప్రశ్నలడిగిన ఆ బాలికలే బడిలో పెద్దలను గంటకు 2 మాత్రమే అడిగిరి. అమెరికాలో మేరీ బడ్ రో అను విదుషి 1970వ దశకమున తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న యడిగి జవాబు కొరకు వేచియుండునది సుమారు ఒక్క సెకండు మాత్రమే యనియు, మూడు సెకండ్లు ఆగినచో పిల్లల జవాబులు పెరుగుటయే గాక వారే ప్రశ్నలడుగుట కారంభింతురనియు చూపినది. మూడు సెకండ్ల కాలమునకు ఖర్చు లేదు, శిక్షణాలయము అక్కరలేదు. లోపించినది వినవలెనను కోరిక.

‘మన సంప్రదాయమున గురువు చెప్పుటయు శిష్యుడు వినుటయు తప్ప ప్రశ్న యెక్కడిది?’ అని కొందరు పెద్దలందురు. సంప్రదాయమును చదువక దానిపేరు చెప్పుట వీరికి పరిపాటి. ఒక యుపనిషత్తునకు ప్రశ్నయే పేరు. అందు ఆరుగురు పిప్పలాదుని కడకు పోగా, ఆయన ‘ఒక యేడు నాకడ నుండి పిమ్మట ఇష్టము వచ్చినట్లడుగుడు, మాకు తెలిసియున్నచో చెప్పుదుము’ అనెను. ఆ ‘తెలిసియున్నచో’ అను మాట మన యుపాధ్యాయులలో ఎందరి నోట వచ్చును? ఆ యారుగురిలో సుకేశుడు, మునుపు కోసలరాజపుత్రుడు తన్నడిగినప్పుడు ‘నేనెరుగను’ అనియే చెప్పి, ఆ ప్రశ్నను మోసికొనివచ్చి గురువు ముందుంచెను. రాజపుత్రునియెదుటనైనను తెలియదనుటకు ఆతడు సిగ్గుపడలేదు. బృహదారణ్యకమున గార్గిని యాజ్ఞవల్క్యుడు ‘అతిగా అడుగకుము, తల పడిపోవును’ అని హెచ్చరించెను. ఆమె కూర్చుండి, పిమ్మట మరల లేచి రెండు ప్రశ్నలడిగెను. ఆమె తల పడలేదు. ‘ఆడపిల్లకు ఎదురుప్రశ్న యేమి?’ అను తల్లులును తండ్రులును ఈ కథను చదువుదురు గాక.

‘తరగతిలో నలుబదిమంది, అందరును ప్రశ్నలడిగినచో క్రమశిక్షణ యేమగును? పాఠ్యక్రమ మెట్లు ముగియును?’ అని నా సోదరోపాధ్యాయు లడుగవచ్చును. ముగిసిన పాఠ్యక్రమము ఎవరి తలలో ముగిసినది? ఆవునకు ఆరు కాళ్లని ఒప్పుకొన్న తరగతిలో క్రమశిక్షణ సంపూర్ణముగా నున్నది, చదువే లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ విభాగమున, బాలుడు భయము లేక తన యభిప్రాయమును స్వేచ్ఛగా చెప్పుటకు విద్యాప్రణాళిక తోడ్పడవలెనని శాసించినది. భయము తీరినదనుటకు మొదటి గుర్తు బిడ్డ నోట వచ్చు ప్రశ్నయే గదా.

చేయవలసినది కష్టము కాదు. మొదట చెవి: ఉపాధ్యాయుడు ‘పిల్లి పాలు త్రాగినది’, ‘పిల్లి పాలు త్రాగినదా’ అని మార్చిమార్చి పలుకవలెను, చెప్పుమాటకు పిల్లలు కూర్చుండవలెను, అడుగుమాటకు లేవవలెను. నడుమ ‘పిల్లి యెక్కడికో పోయినది’ అని కలుపుడు. లేచినవారు నవ్వుచు తామే కూర్చుందురు. రెండవది నోరు: ఒక్క వాక్యమునిచ్చి, ఆకారమును ఒక్కొక్క మాటకు తగిలించి అడిగింపుడు. మూడవది కోరిక: సంచిలో ఒక వస్తువును దాచి, పిల్లలచేత అడిగించి, ఔను, కాదు అను రెండు మాటలతోనే జవాబు చెప్పుడు. ప్రశ్నవలన తెలియనిది తెలియవచ్చునని వారికి అప్పుడు అనుభవమగును. అటుపిమ్మట చిహ్నమును వ్రాయింపుడు. ఒక్క దినములో వచ్చును. ఇంటిలో తల్లిదండ్రులు చేయవలసినవి రెండు: ఆజ్ఞ నాజ్ఞగా చెప్పుట, తెలియనిదానిని తెలియదనుట.

ఇంత చిన్నవిషయమునకు ఇంత వాదమేల యందురా? మన భాషలో ‘అట’ అని యొక చిన్నమాట కలదు. ‘ఆ యింటి ముసలిది చేతబడి చేయునట’ అన్నంతవరకు అది విన్నమాట. పదినోళ్లు మారునప్పటికి ‘అట’ రాలిపోయి ‘చేయును’ అని మిగులును. అంతట ఊరు కఱ్ఱలు పట్టుకొని బయలుదేరును. ‘ఎవరు చూచినారు?’ అని యొక్కడు నిజముగా అడిగినచో ఆ ముసలిది బ్రదుకును. ఆ యొక్కడు రెండవ తరగతిలో తయారు కావలెను.

ఇంకొకటి. పెండ్లిచూపుల పిమ్మట ఆడపిల్లను మూడు విధములుగా అడుగుదురు: ‘ఇష్టమా?’ ‘ఇష్టమేనా?’ ‘ఇష్టమే కదా?’ మూటికిని చిహ్నమొక్కటే. మొదటిది ఔననుటకును కాదనుటకును రెండు తలుపులను తెరచి అడుగుచున్నది. రెండవది ఒక తలుపును చేరవేసినది. మూడవది అడుగుట లేదు, చెప్పుచున్నది. చిహ్నమును మాత్రమే నేర్చిన పిల్ల మూటికిని తలవంచును. చెవితో నేర్చిన పిల్ల, మూడవది వినగానే, ‘నాన్నా, మీరు నన్నడుగుచున్నారా, నాకు చెప్పుచున్నారా?’ అని తిరిగి అడుగగలదు. ఆ మాట ఆమె నోట ఇరువదియవ యేట రావలెనన్నచో, ఐదవ యేట ఆమె యడిగినదానికి మనము కసరుకొనక జవాబు చెప్పియుండవలెను.