గడప తప్పుడు పొరపాటే.. పానం తీసుడు పొరపాటు కాదు

మా అన్న కొడుకు డాలస్‌ల ఎమ్మెస్ చదువుతున్నడు. మొన్న వీడియో కాల్ జేసి, "చిన్నాయినా, మా బిల్డింగుల అంతస్తులన్నీ ఒక్కతీర్గనే ఉంటయి. రాత్రి పని దిగి నిద్రమబ్బుల పై అంతస్తుకు వోయి, వేరేటోళ్ల తలుపుకు తాళంచెవి పెట్టిన. లోపట కుక్క మొరిగితే సోయికొచ్చి కిందికి ఉరికిన" అని నవ్వుకుంట చెప్పిండు. మా వదినె గూడ నవ్వింది. నాకు నవ్వు రాలె. గదే డాలస్‌ల, గసొంటి పొరపాటే 2018ల ఒక నిండు పానం తీసింది. సచ్చింది తప్పు తలుపు తెరిసినామె కాదు. తన ఇంట్ల తను సోఫా మీద కూసున్న పిలగాడు.

ఆ కేసు మీద అమెరికాల ఏండ్ల తరబడి లొల్లి నడిసింది. ఆ లొల్లిల వినవడ్డ మాటలు మన రచ్చబండ కాడ వినవడే మాటల లెక్కనే ఉంటయి. అందుకే గీ ముచ్చట రాస్తున్న.

ఆ రాత్రి ఏమైంది?

2018 సెప్టెంబర్ 6. రాత్రి పది కావస్తున్నది. అంబర్ గైగర్ అనే తెల్లజాతి పోలీసామె పదమూడున్నర గంటల డ్యూటీ జేసి యూనిఫాం మీదనే ఇంటికొచ్చింది. ఆమె ఉండేది మూడో అంతస్తు. బండి పెట్టింది నాలుగో అంతస్తుల. నడుసుకుంట వోయి తన ఇల్లే అనుకొని, తన ఇంటికి సరిగ్గా మీదున్న ఇంట్లకు వోయింది. తలుపు సగం తెరిసి ఉన్నదని ఆమె కోర్టుల చెప్పింది. లోపట మనిషి కనవడ్డడు. దొంగ అనుకున్నది. రెండుసార్లు కాల్చింది. ఒక గుండు ఛాతీల దిగింది.

ఆ మనిషి పేరు బోథమ్ జీన్. 26 ఏండ్లోడు. కరీబియన్ దీవుల్ల సెయింట్ లూసియా అనే చిన్న దేశం నుంచి వచ్చి, చదువుకొని, పెద్ద కంపెనీల అకౌంటెంట్ నౌకరి జేస్తున్నడు. నల్లజాతోడు. ఆ ఏళకు ఐస్‌క్రీం తినుకుంట టీవీ సూస్తున్నడు. మన పిల్లల లెక్కనే పరాయి దేశంల చదువు, కొలువు, ఇంటికాడ ఎదురుసూసే తల్లి. గంతే కథ.

ఆయన ఇంటి ముంగట ఎర్ర కాలుపట్ట ఉన్నది. ఆమె ఇంటి ముంగట గది లేదు. దాని మీద కాలు వెట్టి లోపలికి వోయింది. పోలీసు హెడ్డాఫీసు దగ్గర్లనే ఉన్నది. చేతికందేటట్టు రేడియో ఉన్నది. రెండడుగులు ఎనకకేసి తలుపు బయట నిలవడి రేడియోల మాట్లాడితే నిమిషాల మీద సాటి పోలీసోళ్లు వచ్చేటోళ్లు. ఆమె లోపలికే వోయింది. కాల్చినంక ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ జేసి, నా ఇల్లనుకున్న, నా ఇల్లనుకున్న అని పదే పదే అన్నది.

'పొరపాటు' అన్న మాట ఎవలికి దొరుకుతది?

అప్పటి సంది రెండు దిక్కుల వాదం మొదలైంది. ఒక దిక్కోళ్లు, పాపం అలిసిపోయింది, ఎవలికైనా అయితది, కావాలని జేసిందా అన్నరు. ఇంకో దిక్కోళ్లు ఒక్కటే అడిగిన్రు. గదే నల్లజాతి పిలగాడు అంతస్తు తప్పి పోలీసామె ఇంట్లకు వోయి కాలిస్తే, పొరపాటు అని ఎవలన్న అంటరా? ఆ రాత్రే బేడీలు పడకపోవునా?

గీ ప్రశ్నకు జవాబు ఆ తర్వాత రోజులే చెప్పినయి. ఆమెను అరెస్ట్ జేసేతందుకు మూడు రోజులు పట్టింది. అదే రాత్రి బాండు మీద బయటికొచ్చింది. ముందుగాల పెట్టింది హత్య కేసు కాదు, దానికంటె తక్కువ కేసు. నవంబర్ ఆఖర్ల గ్రాండ్ జ్యూరీ హత్య కేసు కింద మార్చింది.

ఇగ సచ్చినోని సంగతి సూడున్రి. పోలీసులు ఆయన ఇంట్ల సోదా జేసిన్రు. జరంత గంజాయి దొరికిందని కాయితం బయటికొచ్చింది. ఎప్పుడు? సరిగ్గా ఆయన అంత్యక్రియల నాడు. తన ఇంట్ల కూసొని తూటా తిన్నోని ఇంట్ల ఏం దొరికితే ఏంది? ఆ కాయితానికీ ఆ తూటాకూ ఏం సంబంధం? ఏం లేదు. గని జనం మనసుల ఒక ముల్లు నాటుతది. 'వాడు గూడ సక్కనోడు కాదట' అని. సంపినామె మంచితనం గురించి మాటలు, సచ్చినోని మీద తవ్వకాలు. గీ పద్ధతి మనకు కొత్తదా? పొలం కాడ దెబ్బలు తిన్న దళిత పిలగానిదైనా, ఠాణాల పానం వోయిన కూలోనిదైనా, తెల్లారేసరికి పాత కేసులు తవ్వుతరు, నడవడి తవ్వుతరు.

కోర్టు ఏం తేల్చింది?

2019 సెప్టెంబర్‌ల విచారణ నడిసింది. టెక్సాస్‌ల 'నా ఇల్లు నా కోట' అనే తీరు చట్టం ఉన్నది. ఇంట్లకు జొరవడ్డోన్ని కాల్చేతందుకు ఇంటోనికి హక్కిస్తది. మంది మండిపడ్డది గీడనే. ఆమె ఇల్లే కానప్పుడు ఆ కోట ఎవలిది? జొరవడ్డది ఎవలు? నిజానికి ఆ రాత్రి ఆ కోట బోథమ్‌ది. అయినా జడ్జి ఆ వాదాన్ని సుత జ్యూరీ ముంగట పెట్టనిచ్చింది.

ఆమె సాక్ష్యం చెప్తుంటె సర్కారు వకీలు సూటిగ అడిగిండు, కాల్చినప్పుడు సంపాలనే కాల్చినవా అని. అవునన్నది. ఆ ఒక్క మాటల కేసు మొత్తం ఉన్నది. అంతస్తు తప్పుడు పొరపాటు. బండి తప్పు తావుల పెట్టుడు పొరపాటు. తలుపు తప్పుడు పొరపాటు. ట్రిగ్గర్ కాడికొచ్చేసరికి అది పొరపాటు కాదు, నిర్ణయం. 2019 అక్టోబర్ 1న జ్యూరీ హత్యే అని తేల్చింది. 2021ల అప్పీల్ కోర్టు సుత ఆ తీర్పునే నిలవెట్టింది.

శిక్ష మాత్రం పదేండ్లు. సర్కారు వకీళ్లు 28 ఏండ్లకు తక్కువ వద్దన్నరు. ఎందుకంటె బతికుంటె బోథమ్‌కు అప్పటికి 28 నిండేటివి. పదేండ్లు అన్నంక కోర్టు బయట మస్తు మంది ఏడ్సిన్రు, మొత్తుకున్నరు. లోపట ఇంకో ముచ్చటైంది. 18 ఏండ్ల తమ్ముడు, నిన్ను క్షమించిన అని చెప్పి, జడ్జిని అడిగి మరీ ఆమెను అలుముకున్నడు. ఆ వీడియో దునియా మొత్తం తిరిగింది. జడ్జి సుత ఆమెను అలుముకొని బైబిల్ ఇచ్చింది.

అప్పుడు ఇంకో వాదం లేసింది. నల్లోళ్లు ఎప్పుడూ క్షమించాల్నా? ఆ అలాయిబలాయి సూసి జనం కండ్లు తుడుసుకుంటె, అసలు సంగతి మరుగునవడ్డదా? నా మట్టుకు నేను ఆ తమ్మున్ని తప్పువట్ట. వాని దుఃఖం, వాని మనసు. గని ఆ తల్లి ఆలిసన్ జీన్ మాట సుత వినాలె. తీర్పు రోజే ఆమె డాలస్ పోలీసు శాఖల కుళ్లు గురించి మాట్లాడింది, పోలీసోళ్లకు ఇచ్చే ట్రైనింగ్ మారాలన్నది. కొడుకు క్షమిస్తడు, తల్లి లెక్క అడుగుతది. రెండూ ఒక్క ఇంట్లనే ఉండొచ్చు. ఆ వీడియోను వాట్సాప్‌ల తిప్పినోళ్లు తల్లి మాట తిప్పలె.

ఆ లెక్క అడుగుడు వట్టిగ వోలె. 2021ల పోలీసు హెడ్డాఫీసు ఉన్న సడుగుకే బోథమ్ జీన్ పేరు పెట్టిన్రు. ఇయ్యాల డాలస్ పోలీసుల అడ్రస్‌ల ఆయన పేరుంటది. విచారణ నడుస్తుండంగ పోలీసులు ఒంటి మీది కెమెరా బంద్ వెట్టొద్దని ఆయన పేరు మీదనే టెక్సాస్‌ల చట్టం వచ్చింది. 2024ల పెరోల్ కమిటీ ఆమెను విడవలె. అదే ఏడు నవంబర్‌ల ఇంకో జ్యూరీ ఆ కుటుంబానికి దగ్గర దగ్గర పది కోట్ల డాలర్లు ఆమె ఇయ్యాలన్నది. ఆమె తాన అన్ని పైసలు యాడివి? నగరం మాత్రం ఆ దావా నుంచి ముందే తప్పించుకున్నది.

'వేరేటోడు అనుకున్న' అంటే?

పేపర్లల్ల గిసొంటి కేసులకు 'గుర్తింపుల పొరపాటు' అని రాస్తరు. ఆ మాటను జర తిప్పి సూడున్రి. తప్పు మనిషిని సంపిన్రు అంటే, సంపదగిన ఒప్పు మనిషి ఒకడు ఉన్నడన్నట్టే కదా?

2017 ఫిబ్రవరి 22. కాన్సస్ రాష్ట్రం ఒలేత్‌ల మన హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లను ఒక తెల్లోడు బార్‌ల కాల్చి సంపిండు. మా దేశం విడిసిపో అని అరిసిండు. ఇరానోళ్లను కాల్చిన అని ఆ తర్వాత వేరే తావుల చెప్పుకున్నడు. అప్పుడు మన కాడ ఏమనుకున్నం? 'అయ్యో, మనోన్ని ఇరానోడు అనుకున్నడట' అని. నేను గూడ అన్న. ఆ మాట ఎంత చెడ్డదో నాకు శానా రోజులకు సమజైంది. ఇరానోడైతే సంపొచ్చునా? వాని తల్లి తల్లి కాదా? ఆ రాత్రి ఇంకో తెల్లజాతి పిలగాడు అడ్డంవోయి తూటా తిన్నడు. వాడు శ్రీనివాస్‌ది ఏ దేశం అని అడిగిండా?

ఒలేత్‌కు దగ్గర్లనే ఉన్న కాన్సస్ సిటీల 2023 ఏప్రిల్‌ల ఇంకోటి జరిగింది. 16 ఏండ్ల నల్లజాతి పిలగాడు తమ్ముండ్లను తోలుకొచ్చేతందుకు వోయిండు. పోవాల్సింది 115వ టెర్రస్. వోయింది 115వ స్ట్రీట్. బెల్లు కొట్టిండు. 84 ఏండ్ల ముసలాయిన అద్దాల తలుపు లోపట్నించే కాల్చిండు. తలకు గుండు తగిలినా పిలగాడు బతికి బయటవడ్డడు. ఆ ముసలాయిన 2025 ఫిబ్రవరిల తప్పు ఒప్పుకొని, శిక్ష వడక ముందే సచ్చిపోయిండు. బెల్లు కొట్టినోన్ని 'ఎవలు బిడ్డా' అని అడుగుతె ఏం వోయేది?

మా ఊర్ల ఏం జరిగింది?

ఇగ నా ముచ్చట చెప్త. 2018 ఎండకాలం. పిల్లలను ఎత్తుకపోయే గ్యాంగులు తిరుగుతున్నయని ప్రతి ఫోన్ల మెసేజ్‌లు. నేను గూడ రెండు గ్రూపులల్ల పంపిన. 'జర పైలం' అని నాదో ముక్క కలిపి మరీ పంపిన. ఒకనాడు రాత్రి ఆఖరి బస్సు దిగిన ఒకాయిన మా ఊర్ల ఓ ఇంటి తలుపు కొట్టిండు. కొత్త మొకం. ఎవలో అరిసిన్రు. పది నిమిషాలల్ల కరెంటు స్తంభానికి కట్టేసిన్రు. నేను వోయేసరికి మొకం నిండ నెత్తురు. నేను కొట్టలె. ఆపనూ లేదు. ఫోన్ తీసి పట్టుకొని నిలవడ్డ.

ఆపింది ఓ ముసలవ్వ. చెంబుల నీళ్లు తెచ్చి, "వాని పేరు ఒక్కలన్న అడిగిన్రార?" అన్నది. అప్పుడు అడిగినం. చెల్లె ఇంటికి వచ్చిండట. చెల్లె ఊరు 'చిన్న' పేరు మీద ఉంటది, మాది 'పెద్ద' పేరు మీద ఉంటది. ఊరు తప్పి దిగిండు. గంతే. ఆయన చెయ్యి ఇరిగింది, పానం దక్కింది. ఆ ఎండకాలం మన రాష్ట్రంల వేరే ఊర్లల్ల గసొంటోళ్ల పానాలే వోయినయి. మరునాడు మా ఊర్ల అందరి నోట ఒక్కటే మాట, 'పొరపాటైంది'. నేను గూడ అన్న.

మన చట్టంల సుత పొరపాటుకు జాగ ఉన్నది. భారతీయ న్యాయ సంహిత 17వ సెక్షన్ ఉన్న సంగతి తెల్వక మంచి మనసుతోటి జేసిన పనిని మన్నిస్తది. గని సరైన జాగ్రత్త లేకుంట జేసిన దాన్ని మంచి మనసుతోటి జేసినట్టు లెక్కపెట్టదు. రాత్రి ఇల్లు పగలగొట్టి జొరవడ్డోని నుంచి కాపాడుకునే హక్కు ఉన్నది. అవసరానికి మించి కొట్టుడు, పోలీసులను పిలిసే టైం ఉండంగ పిలువకపోవుడు ఆ హక్కుల లెవ్వు. పేరు అడుగుడు కంటె తక్కువ జాగ్రత్త ఏముంటది? గది గూడ మేం జెయ్యలె.

సర్కారు జేస్తే గూడ గదే లెక్క ఉండాలె. 1997ల ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌ల పోలీసులు ఒక రౌడీ అనుకొని ఇద్దరు వ్యాపారులను కాల్చి సంపిన్రు. పొరపాటు అన్న మాట నడవలె. 2011ల సుప్రీంకోర్టు పదిమంది పోలీసుల యావజ్జీవ శిక్షను ఖాయం జేసింది. మరి నాగాలాండ్ ఓటింగ్ సంగతేంది? 2021 డిసెంబర్ 4న బొగ్గు పని జేసి ఇంటికి వోతున్న కూలోళ్లను సైన్యం కాల్చింది. ఆరుగురు సచ్చిన్రు. పార్లమెంటుల 'గుర్తింపుల పొరపాటు' అని చెప్పిన్రు. అక్కడి పోలీసులు 30 మంది సైనికుల మీద చార్జిషీట్ వేస్తే, కేంద్రం అనుమతి ఇయ్యలె. 2024ల సుప్రీంకోర్టు కేసు మూసింది. డాలస్‌ల పొరపాటా కాదా అని ఏడాదికి జ్యూరీ తేల్చింది. ఓటింగ్‌ల గా మాట చెప్పినోళ్లే తీర్పు గూడ చెప్పుకున్నరు.

తమ్మీ, చెల్లే, మనిషన్నంక గడప తప్పుతడు, ఊరు తప్పుతడు, మొకం గుర్తువట్టడు. ఇయ్యాల నా తాన ఫోన్ ఉన్నది, నీ తాన ఫోన్ ఉన్నది. రేపు రాత్రి మన ఊర్ల ఓ కొత్త మనిషి తలుపు కొడుతడు. డాలస్‌ల మా అన్న కొడుకు మళ్లోసారి నిద్రమబ్బుల అంతస్తు తప్పుతడు. ఆ తలుపెనక ఉన్నోళ్లు ముందుగాల పేరు అడగాలె అని ఇక్కడ మేం దండం వెట్టుకుంటం. మరి మన తలుపు కాడికొచ్చినోని పేరు మనం అడుగుతమా?

మా ఊరి ముసలవ్వ ఇప్పుడు లేదు. ఆ చెంబు నీళ్లు నేను పట్టుకపోవాల్సింది.