పూత నగలకు గిరాకీ.. చేసే చేతికి మిగిలేదెంత?

మచిలీపట్నం: బంగారం ధర పెరిగిందంటే చాలు, చిలకలపూడి నగలకు మంచి రోజులు వచ్చినట్టేనన్న మాట బందరులో వినిపిస్తుంది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం తొలిసారి లక్ష రూపాయలను తాకింది. అదే ఏడాది అక్టోబరు నాటికి లక్షా ఇరవై వేలు దాటింది. కూతురి పెళ్లికి నాలుగు కాసులు పెట్టాలనుకున్న కుటుంబం ఒక కాసుతో సరిపెట్టుకుంటోంది. మంగళసూత్రాలు మేలిమిలో, హారం, వడ్డాణం, వంకీలు గిల్టులో కొనడం ఇప్పుడు ఎవరూ తప్పుగా చూడని సంగతి. గిరాకీ ఉన్నమాట నిజమే. ఆ గిరాకీలో ఇంటి వరండాలో కూర్చుని రాయి పొదిగే మనిషి వాటా ఎంతన్నదే తేలని లెక్క.

మచిలీపట్నాన్ని ఆనుకుని ఉన్న చిలకలపూడి పేరు పాండురంగని ఆలయంతో ఎంత ప్రసిద్ధమో, రోల్డ్ గోల్డ్ నగలతోనూ అంతే ప్రసిద్ధం. అసలు రోల్డ్ గోల్డ్ అంటే రాగి లేదా ఇత్తడిపై పలుచని బంగారు రేకును అతికించి, రెండింటినీ కలిపి సాగదీయడం. ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది విద్యుత్ ద్వారా వేసే పూత. పద్ధతి మారినా పేరు నిలిచింది. పోతేపల్లిలో ఈ పరిశ్రమ కోసం ప్రత్యేకంగా పార్కు వెలసినా, పనిలో పెద్ద భాగం నేటికీ ఇళ్లలోనే సాగుతోంది. రేకును అచ్చులో కొట్టడం, తీగ లాగడం, ముక్కలకు టంకం పెట్టడం, రాళ్లు పొదగడం, మెరుగు పెట్టడం, పూత వేయడం.. ఒక్కో నగ ఇన్ని చేతులు మారితే గానీ దుకాణం అద్దాల బీరువాలోకి చేరదు.

పేరు మాత్రం స్వయం ఉపాధి

ఈ పనిచేసే వారందరినీ స్వయం ఉపాధి పొందుతున్నవారిగానే లెక్కిస్తారు. చిక్కంతా అక్కడే. యూనిట్ నుంచి ముక్కలు, రాళ్లు తెచ్చుకుని డజనుకు ఇంతని కూలి తీసుకునే మహిళ ఒకరు. సొంత డబ్బుతో ఇత్తడి, రాళ్లు కొని, నగ తయారుచేసి, పూత వేయించి, టోకు వ్యాపారికి ఇచ్చేవారు మరొకరు. తన సరుకును తానే కొనుగోలుదారుకు అమ్ముకునేవారు ఇంకొకరు. మొదటి మనిషికి పెట్టుబడి లేదు, నష్టమూ లేదు, ధర నిర్ణయించే అధికారం అంతకన్నా లేదు. రెండో మనిషికి నష్టమంతా తనది, ధర మాత్రం ఎదుటివాడిది. మూడో మనిషిని మాత్రమే నిజంగా వ్యాపారి అనవచ్చు.

చట్టం ఈ తేడాను గుర్తించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఇంటి నుంచి పనిచేసే కార్మికులకు ఒక నిర్వచనం, స్వయం ఉపాధి కార్మికులకు మరొక నిర్వచనం ఉన్నాయి. ముడిసరుకు ఎవరిదైనా సరే, ఒక యజమాని కోసం తన ఇంట్లో వస్తువు చేసి కూలి పుచ్చుకునే మనిషి కార్మికుడే. అదే రోజు అమల్లోకి వచ్చిన వేతన స్మృతి ముక్క లెక్కన చేసే పనికీ కనీస వేతనాన్ని వర్తింపజేస్తుంది. వీధిలో మాత్రం ఇద్దరికీ ఒకటే పిలుపు. స్వయం ఉపాధి అన్న గౌరవప్రదమైన మాట చాటున కూలి బేరం కనుమరుగవుతోంది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ నమోదు వీరందరికీ అందుబాటులోనే ఉంది. అయితే చీటీ మీద రాసే కూలి లెక్కను ఏ నమోదూ సరిచేయలేదు.

పూత తొట్టి ఎవరిదో ధర వారిదే

నగకు విలువ తెచ్చేది చివరి దశ. టంకం పెట్టి, రాళ్లు పొదిగినా పూత పడనంతవరకు అది ఇత్తడి ముక్కే. ఆ పూత ఇంట్లో వేసేది కాదు. బంగారు పూత ద్రావణంలో సయనైడ్ ఉంటుంది. వ్యర్థ జలాలను శుద్ధి చేయకుండా కాలువలోకి వదలడం నేరం, ప్రమాదం కూడా. అందుచేత పూత యూనిట్లలోనే జరగాలి, జరగడమే మంచిది. ఫలితంగా చిన్న తయారీదారు ఎంత నైపుణ్యం ఉన్నా పూత తొట్టి ఉన్నవారి గడప తొక్కక తప్పదు.

బంగారం ధర దెబ్బ తగిలేదీ ఇక్కడే. ఒక చిన్న లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. వంద చదరపు సెంటీమీటర్ల తలంపై మైక్రానులో పదో వంతు మందంతో పూత వేయడానికి సుమారు 19 మిల్లీగ్రాముల బంగారం కావాలి. 2020 ఆరంభంలో పది గ్రాముల ధర 40 వేల రూపాయల చుట్టూ ఉన్నప్పుడు ఆ పూతలోని బంగారం విలువ దాదాపు 77 రూపాయలు. ధర లక్షకు చేరేసరికి అదే పూత విలువ 193 రూపాయలైంది. నగ అమ్మకం ధర అదే వేగంతో పెరగదు. గిల్టు నగ కొనే మనిషి చవక కోసమే కొంటారు కదా! అప్పుడు ఉన్న దారులు రెండు. పూత మందం తగ్గించడం ఒకటి, తయారీ కూలిని బిగబట్టడం రెండోది. మందం తగ్గితే నగ త్వరగా నల్లబడి ఊరి పేరు పోతుంది. కూలిని బిగబడితే వెంటనే ఎవరికీ కనబడదు. రెండోదే సులువు. బంగారం పెరిగితే పూత నగల వారికి పండుగేనన్న మాట దుకాణదారు విషయంలో నిజం కావచ్చు గానీ, టంకం పెట్టే చేతి విషయంలో నిజం కాదనడానికి ఈ ఒక్క లెక్క చాలు.

దీనికి బయటి పోటీ తోడైంది. రాజ్‌కోట్, ముంబయి మలాడ్ ప్రాంతాల్లో యంత్రాలతో పెద్దఎత్తున తయారయ్యే సరుకు, చైనా నుంచి దిగే సరుకు మార్కెట్‌ను ముంచెత్తుతున్నాయి. ఒకే అచ్చులో వేల నగలు దించే యంత్రంతో చెయ్యి ధరలో పోటీపడలేదు.

పది సెట్ల లెక్క

సొంతంగా తయారుచేసి అమ్మేవారికి ఏమి మిగులుతుందో పది నెక్లెస్ సెట్ల ఉదాహరణతో చూడవచ్చు. అంకెలు అవగాహన కోసం వేసుకున్నవే. నగను బట్టి మారుతాయి. ఒక్కో సెట్టుకు ఇత్తడి, రాళ్లకు 150 రూపాయలు, పూతకు 120, పెట్టెకు 20 అనుకుంటే పది సెట్లకు పెట్టుబడి 2,900 రూపాయలు. టోకు వ్యాపారి సెట్టుకు 400 చొప్పున 4,000 ఇస్తే మిగులు 1,100. సెట్టుకు నాలుగు గంటల చొప్పున నలభై గంటల పని. పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదై, సొమ్ము నాలుగు నెలలకు చేతికొస్తే వడ్డీ 232 రూపాయలు పోతుంది. నికరంగా గంటకు 22 రూపాయలు కూడా పడదు.

టోకు వ్యాపారిని తప్పించి ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మితే బాగుపడవచ్చన్న సలహా తరచుగా వినిపిస్తుంది. అదే లెక్కను కొనసాగిస్తే ఆ సలహాలో ఎంత బలముందో తెలుస్తుంది. సెట్టు 700 రూపాయలకు పెట్టారు. పదిలో రెండు తిరిగొచ్చాయి. వచ్చింది 5,600. కమీషన్, కొరియర్ కలిపి సెట్టుకు 120 చొప్పున 1,200, తిరిగొచ్చిన వాటి రవాణాకు 160 పోను 4,240. పెట్టుబడి తీసేస్తే 1,340. ఫొటోలు తీయడం, ప్యాకింగ్, ఫోన్లకు జవాబు చెప్పడం కలిపి మరో పన్నెండు గంటలు. అంటే గంటకు 26 రూపాయల లోపే. తిరిగొచ్చిన రెండు సెట్లు చేతిలో ఉన్నా వాటికి మళ్లీ పూత వేయించాల్సి రావచ్చు. సొమ్ము త్వరగా అందడం తప్ప టోకు బేరంతో పోలిస్తే ఒరిగింది స్వల్పం.

అదే పది సెట్లు కొలత, రంగు ముందే చెప్పి, సగం సొమ్ము ముందుగా ఇచ్చినవారి కోసం చేసినవైతే? సెట్టు 800 చొప్పున 8,000. ఖర్చులు 1,200, పెట్టుబడి 2,900 పోను 3,900. తిరిగొచ్చే బెడద ఉండదు. గంటకు 75 రూపాయలు. తేడా తెచ్చింది ఆన్‌లైన్ కాదు, ఆర్డరు.

చేతి పనికి బలం ఉన్నది కూడా అక్కడే. యంత్రానికి వేల సంఖ్యలో ఒకే నగ కావాలి. నాట్య ఆభరణాలు, దేవతా విగ్రహాల అలంకారాలు, పెళ్లికూతురి జడ, పాపిడి బిళ్ల వంటివి ఒక్కొక్కటి ఒక్కో కొలత. మొవ్వ మండలంలోని కూచిపూడి ఇదే జిల్లాలో ఉంది. ఆ నాట్యం నేర్చుకునే పిల్లలు ఇక్కడి నుంచి అమెరికా దాకా ఉన్నారు. నడుము కొలత పంపితే వడ్డాణం చేసి పంపగలిగేది చేతితో పనిచేసేవారే. అయితే ఇలాంటి ఆర్డర్లు రావాలంటే ఎవరు చేశారన్నది తెలియాలి. నేడు చిలకలపూడి నగపై దుకాణం పేరు ఉంటుంది, చేసిన ఇంటి పేరు ఉండదు.

పన్ను చట్రంలో హైదరాబాద్ పొరుగు రాష్ట్రం

ఆర్డరు వచ్చినా అడ్డంకులు తీరవు. గిల్టు నగపై జీఎస్టీ 3 శాతం. రాగి, ఇత్తడి రేకులపై 18 శాతం. నమోదైన వ్యాపారి తాను కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోగలడు. నమోదు లేని చిన్న తయారీదారుకు ఆ 18 శాతం కూడా ఖర్చే. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న విక్రేతలు నమోదు లేకుండానే ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్ముకునే వెసులుబాటు వచ్చింది. అది రాష్ట్రం లోపలి అమ్మకాలకే. బందరు నుంచి హైదరాబాద్‌కు వేదిక ద్వారా ఒక హారం అమ్మాలన్నా అది అంతర్రాష్ట్ర వ్యాపారమే. 2014కు ముందు సొంత రాజధానిగా ఉన్న పెద్ద మార్కెట్ ఈ నిబంధన దృష్టిలో గుజరాత్‌తో సమానం. నమోదు చేసుకుంటే వ్యాపారం లేకున్నా రిటర్ను తప్పదు, దాఖలు చేసేవారికి రుసుమూ తప్పదు. ఏడాదికి లక్ష, రెండు లక్షల అమ్మకం చేసే ఇంటికి అది మోయలేని బరువు.

రుణ పథకాల్లోనూ గిల్టు పనికి చోటు అస్పష్టంగానే ఉంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల జాబితాలో స్వర్ణకారులు ఉన్నారు. 5 శాతం వడ్డీపై తొలివిడత లక్ష, మలివిడత రెండు లక్షల రుణం, పనిముట్లకు 15 వేల రూపాయలు దానిలోని ప్రయోజనాలు. పూత నగలు చేసేవారి వృత్తి ఆ జాబితాలో విడిగా లేదు. ఒక కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ముద్రలో 50 వేల వరకు ఇచ్చే శిశు రుణానికి మాత్రం వృత్తి పేరుతో పేచీ లేదు. ఇక భౌగోళిక గుర్తింపు సంగతి. ఇదే ఊరి కలంకారీకి అది ఉంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో వచ్చింది. చిలకలపూడి నగకూ కావాలనుకోవడం సబబే గానీ, పూత మందంపై ఊరంతా ఒక ప్రమాణానికి కట్టుబడకుండా గుర్తింపు తెచ్చుకుంటే అది బోర్డుకే పరిమితమవుతుంది.

అరువు బేరం

వీటన్నిటికన్నా ముందు తేలవలసింది అరువు. టోకు వ్యాపారి సరుకు తీసుకుని అమ్ముడయ్యాక ఇస్తానంటాడు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇలా గడువు దాటిన బకాయిని చెల్లించేంతవరకు కొనుగోలుదారు తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికీ వీల్లేదు. కాగితం మీద ఇంతకన్నా గట్టి రక్షణ మరొకటి లేదు. అది వర్తించాలంటే తయారీదారుకు ఉద్యమ్ నమోదు ఉండాలి, సరుకు ఇచ్చినట్టు బిల్లు ఉండాలి. నమోదుకు రుసుము లేదు, ఆధార్ ఆధారంగా జరుగుతుంది. బిల్లు దగ్గరే బేరం తెగుతోంది. బిల్లు అడిగినవారి సరుకు పక్కనపెట్టి అడగనివారి సరుకు తీసుకునే వెసులుబాటు కొనేవారికి ఉన్నంతకాలం ఒంటరిగా అడిగే ధైర్యం ఎవరికీ రాదు. డ్వాక్రా సంఘాల్లో రుణం కోసం పదిమంది కలుస్తున్నారు. అదే పదిమంది ఒకే పేరు మీద, ఒకే బిల్లు పుస్తకంతో సరుకు ఇవ్వడం మొదలుపెడితే వ్యాపారికి పక్కన పెట్టడం అంత సులువు కాదు.

ఏటా ఆషాఢంలో ఈ బిగువు ముదురుతుంది. పెళ్లిళ్లు ఉండవు, దుకాణాల్లో అమ్మకాలు మందగిస్తాయి. శ్రావణ మాసపు నోములకు, పెళ్లిళ్లకు కావలసిన సరుకు మాత్రం ఆ నెలలోనే తయారై ఉండాలి. చేతిలో సొమ్ము లేని నెలలో ఇత్తడి, రాళ్లు అప్పు చేసి కొంటారు. శ్రావణంలో నగలు దుకాణాలకు చేరతాయి. వాటి తాలూకు సొమ్ము ఏ దీపావళికో అందేసరికి, మొదట చెల్లించవలసింది ఆషాఢం నాటి వడ్డీ.