పిచ్చాపాటి: వోటు లేని అభిమానులు

యీ నెల పిచ్చాపాటి రాయడానికి కూర్చోగానే మా ఇంటావిడ హెచ్చరించింది: "సినిమాల సంగతి యెంతయినా రాసుకోండి. అమెరికా జోలికి మాత్రం పోకండి. మనింట్లో అయిన రభస చాలదా?" అని. మాట న్యాయమైనదే. కాని మా బలహీనత పాఠకులకు తెలియనిది కాదు గదా! సినిమాతో మొదలుపెట్టి రాజకీయాలలో తేలడం మాకు అలవాటు. ఆ తప్పు పూర్తిగా మాదీ కాదు. ఆ రెండిటి నడుమ గోడ యేనాడో కూలింది.

నందమూరి తారక రామారావు గారినే చూడండి. 1947లో ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి, మూడు వారాలకే దానికి నమస్కారం పెట్టి సినిమాల దారి పట్టారు. (గుమాస్తాగిరిలో ఇరవై యేళ్ళు గడిపిన మాకు యీ సంగతి తలచుకున్నప్పుడల్లా కూర్చున్న కుర్చీ ఇరుకనిపిస్తుంది.) 1949లో మొదటి బొమ్మ 'మనదేశం'. 1957లో 'మాయాబజార్' కృష్ణుడు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. నడుమ తొమ్మిది నెలలు.

సరిగ్గా ఆ రోజుల్లో అమెరికా గద్దె మీద వున్నవారు యెవరు? రోనాల్డ్ రీగన్. ఆయనా మనవాళ్ళ మాదిరి వేషాల మనిషే. రేడియోలో ఆటల వ్యాఖ్యానం చెప్పుకొనేవారు 1937లో సినిమాలకు వస్తే, మొదటి బొమ్మలో ఇచ్చిన వేషమూ రేడియో వ్యాఖ్యాతదే! 1951లో ఒక చింపాంజీతో కలిసి నటించారు. తరువాత ప్రత్యర్థులు ఆ కోతి సంగతి యెత్తి చాలాకాలం ఆయనను ఆట పట్టించారు. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. ఆయన తెర మీది నుంచి తిన్నగా గద్దె మీదికి దూకలేదు. నటుల సంఘానికి అధ్యక్షులుగా వున్నారు, యెనిమిదేళ్ళు కాలిఫోర్నియా గవర్నరుగా చేశారు, ఆ తరువాతే 1981లో దేశాధ్యక్షులయ్యారు.

అభిమానం యెంత దూరం పోగలదో తెలిపే సంగతి కూడా ఆయన కథలోనే వున్నది. 1981 మార్చి 30న రీగన్ మీద కాల్పులు జరిగాయి. ఆ రాత్రి జరగవలసిన ఆస్కారు బహుమతుల సభ మరునాటికి వాయిదా పడింది. కాల్చినవాడెవరు? 'టాక్సీ డ్రైవర్' అనే బొమ్మను మళ్ళీ మళ్ళీ చూసి, అందులో నటించిన పిల్ల మీద పిచ్చి పెంచుకున్న కుర్రవాడు. ఆమె దృష్టిలో పడాలని దేశాధ్యక్షుని మీద తుపాకి పేల్చాడు!

మన ధర్మాబాదులో తుపాకులు లేవు గాని, అభిమానానికి తక్కువ లేదు. రైలెక్కితే కొద్దిసేపటికి బాసర, ఆ తరువాత నిజామాబాదు. కొత్త తెలుగు బొమ్మ పడ్డదంటే మా బాపు, ఆయన స్నేహితుడైన దర్జీ కాక, ఇద్దరూ చేతిసంచీలో జొన్నరొట్టెలు పెట్టుకొని బయలుదేరేవారు. కాక దుకాణంలో కుట్టుమిషను పైన కృష్ణుని వేషంలో రామారావు గారి క్యాలెండరు వుండేది. సంవత్సరం మారినా క్యాలెండరు మారేది కాదు.

1983 యెన్నికలప్పుడు ఆ ఇద్దరికీ వచ్చిన బాధ ఇంతింత కాదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీసినప్పుడు మన నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర అయింది. దేవుడివంటి రామారావు నిలబడితే వోటు వేసే యోగం యెల్లకు అవతల వున్న చుట్టాలకే దక్కింది. మనవాళ్ళు రేడియో ముందు కూర్చుని చప్పట్లు కొట్టారు.

వోటు లేని చోట పట్టింపు తక్కువుండాలి. కాని జరిగింది వేరు. 1995 ఆగస్టులో అక్కడ పార్టీ చీలింది. సెప్టెంబరు 1న రామారావు గారి అల్లుడు చంద్రబాబునాయుడు గారు ముఖ్యమంత్రి అయ్యారు. బాపు మామ పక్షం, కాక అల్లుని పక్షం. దుకాణంలో మొదలైన మాట బజారు దాకా వచ్చింది. మిర్చి అడ్తి దుకాణాల ముందు పదిమంది నిలబడి విన్నారు. ఆ రోజుతో ఇద్దరికీ మాటలు లేవు. మాకప్పుడు పన్నెండు పదమూడేళ్ళు. స్కూలు చొక్కా కుట్టించడానికి వేరే దర్జీ దగ్గరికి పోవలసి వచ్చిందని మాత్రమే మా బాధ.

1996 జనవరి 18న రామారావు గారు కన్నుమూశారు. ఆ కబురు తెలిసి బాపు హైదరాబాదు రైలెక్కినాడు. కాక అదే రైలు ఇంకొక డబ్బాలో యెక్కినాడు. ఇద్దరూ ఒకే మనిషి కోసం యేడ్చి, ఒకరి మొగం ఒకరు చూడకుండా తిరిగి వచ్చారు. కొన్నాళ్ళకు కాక నిజామాబాదులో కూతురింటికి వెళ్ళిపోయాడు. ఆయన పోయిన కబురు మాకు నాలుగో రోజున తెలిసింది.

2010 జూలైలో బాబ్లీ ప్రాజెక్టు చూడడానికి వచ్చిన చంద్రబాబునాయుడు గారినీ, ఆయన పార్టీవారినీ అరెస్టు చేసి మన వూళ్ళోనే వుంచిన సంగతి అందరికీ గుర్తే. వూరంతా చూడ్డానికి పోయింది. బాపు మాత్రం అరుగు మీదనే కూర్చున్నాడు. "ఆ మనిషే మనూరికి వచ్చిండు. చూడనీకి నా దోస్తు లేడు" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "ఓటేమో ఆడ లేకపాయె, దోస్తేమో ఈడ లేకపాయె" అన్నాడు. మళ్ళీ యెప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

ఇక మా ఇంటి రభస. 2024 నవంబరులో అమెరికా యెన్నికలు. టెక్సాసులో వున్న మా మేనల్లుడు అక్కడి పౌరుడై మొదటిసారి వోటు వేశాడు, కమలా హారిస్ గారికి. ఇక్కడ మా పెదనాన్న కొడుకు ట్రంప్ పక్షం. కారణం యేమంటే, ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ వాన్స్ గారి భార్య ఉష చిలుకూరివారి ఆడపడుచు! నవ్వులాటగా వుండగానే మేము కూడా ఒక సమిధ వేశాము. ట్రంప్ 1992లో 'హోం అలోన్' రెండవ బొమ్మలో, అప్పటి తన సొంత హోటల్లోనే, తప్పిపోయిన పిల్లవాడికి దారి చూపిస్తాడనీ, వాన్స్ జీవితకథ 2020లో సినిమాగా వచ్చిందనీ, అందులో ఉష గారి వేషం ముంబయిలో పుట్టిన ఫ్రీడా పింటో వేసిందనీ రాశాము. తెలుగింటి పిల్ల వేషం మహారాష్ట్ర పిల్ల వేస్తే ధర్మాబాదు వాళ్ళకు అంతకన్న ముచ్చటేమున్నది?

కాని ముచ్చట అక్కడ ఆగలేదు. వోటు లేని పెద్ద మామ వోటున్న అల్లుణ్ణి "నీకేం తెలుసురా" అన్నాడు. అల్లుడు కుటుంబమంతా వున్న వాట్సాప్ గుంపులోంచి లేచిపోయాడు. యీ మాఘంలో పెద్ద మామ కూతురి పెండ్లి. దానికి రానని తల్లితో చెప్పాడట. మా అక్క వారం రోజులు ఫోను చేతిలో పెట్టుకొని కూర్చున్నది.

మేము చదివింది మెట్రిక్, చేసేది లెక్కలు రాసే పని. అమెరికాకు బుద్ధి చెప్పగలవాళ్ళం కాము. అభిమానం తప్పని కూడా అనము. అది లేకపోతే మాకు పొద్దుపోదు. తెర మీది కృష్ణుడికి దండం పెట్టినవారు గద్దె మీది మనిషిని లెక్కలడగవచ్చు. ఆ లెక్క మన ఇంటి మనిషితో తెగతెంపులు చేసుకొనే దాకా పోకూడదు. ఇంతే మా అభిప్రాయం. అందుకని మేనల్లుడికి సలహా యేమీ రాయలేదు. దర్జీ కాక కథ, బాపు చివరన అన్న మాట, రెండూ ఉన్నవి ఉన్నట్లు రాసి పంపాము. పెదనాన్న కొడుక్కి అదే కథ ఇంటికి పోయి చెప్పాము. ఆయన విని లేచి పెరట్లోకి వెళ్ళాడు.

మూడు రోజులకు అమెరికా నుంచి జవాబు వచ్చింది. పెండ్లి మాట యెత్తలేదు. "మామా, మాఘంలో నిజామాబాదులో యే బొమ్మ ఆడుతుంటది?" అని మాత్రం అడిగాడు.

బొమ్మ యేదయినా సరే, టిక్కెట్లు మేము కొంటాము. వాళ్ళిద్దరి నడుమ కుర్చీ మాది.