ఘాజీలో ఎవరున్నారు?

'ఘాజీ' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. 2017లో వచ్చింది. సంకల్ప్ రెడ్డి తీశాడు, రానా నటించాడు, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ సినిమా చూసినవాళ్లని ఒక చిన్న ప్రశ్న అడగండి. ఘాజీలో పనిచేసినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పమనండి. బాగా గుర్తున్నవాళ్లు 'రజాక్' అంటారు. అది సినిమాలో పెట్టిన పేరు. అసలు కమాండర్ పేరు జఫర్ మహమ్మద్ ఖాన్. ఆయనతో కలిపి లోపల ఉన్నది 93 మంది: 11 మంది అధికారులు, 82 మంది నావికులు. ఒక్కరూ బతికి బయటపడలేదు.

కథ క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ వారం నాకు కావలసింది కథ కాదు. ఘాజీ అమెరికాలో పుట్టిన సబ్‌మెరైన్. అప్పటి పేరు డయాబ్లో. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. 1971 నవంబర్ 14న కరాచీలో బయల్దేరి, శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వేట. వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని ముందే అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు భ్రమ కల్పించారు. డిసెంబర్ 3, 4 తేదీల మధ్య అర్ధరాత్రి హార్బర్ బయట పెద్ద పేలుడు. తెల్లారాక జాలర్లకి నీళ్లమీద తేలుతూ సామాన్లు కనిపించాయి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మనవాళ్ల మాట. సొంత మైన్ పేలిందనో, లోపలే ప్రమాదం జరిగిందనో వాళ్ల మాట. సినిమాలోనేమో మన సబ్‌మెరైనే ముంచేసింది, అది కల్పన.

ఎవరు ముంచారన్న దానిమీద యాభై ఏళ్లుగా వాదన నడుస్తానే ఉంది. ఎవరు మునిగారన్నది మాత్రం ఎవరూ అడగరు.

మునిగిన ఓడలో ఉన్నవాళ్ల జాబితాని ఎలా తిరిగి కడతారో చూడాలంటే ఘాజీ నుంచి ఇంకో 93 ఏళ్లు వెనక్కి వెళ్లాలి (అంకె కలవడం యాదృచ్ఛికమే). 1878 మే 31. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఫోక్‌స్టోన్ ఊరి ఎదురుగా మూడు జర్మన్ యుద్ధనౌకలు పోతున్నాయి. వాటిలో 'గ్రోసర్ కుర్‌ఫుర్స్ట్' సరికొత్తది, సర్వీసులోకి వచ్చి నెల కూడా కాలేదు. అడ్డంగా రెండు తెరచాప పడవలు వచ్చాయి. వాటిని తప్పించే హడావుడిలో పక్కనున్న 'కోనిగ్ విల్‌హెల్మ్' మీద చుక్కానిని తిప్పాల్సిన వైపు కాకుండా రెండోవైపు తిప్పారు. ఆ ఓడ ముందున్న ఉక్కు ముక్కు వెళ్లి దీని పొట్టలో దిగింది. నిమిషాల్లో మునిగిపోయింది. యుద్ధం లేదు, శత్రువు లేడు, పట్టపగలు.

ఓడలో ఉన్నది దాదాపు 500 మంది. చనిపోయినవాళ్లెందరు? ఇక్కడే నాలాంటి డేటా పని చేసేవాడికి చెయ్యి దురద పుడుతుంది. ఒకచోట 269 అని, ఇంకోచోట 276 అని, మరోచోట 284 అని ఉంటుంది. వందల మంది ప్రాణాలతో బయటపడ్డారు, ఒడ్డు కనుచూపు మేరలో ఉంది, జాలరి పడవలు వచ్చి మనుషుల్ని లాగాయి. అన్నీ ఉన్నా లెక్క ఇంతవరకే కుదిరింది. అయినా పేర్లు దొరుకుతాయి. ఎందుకంటే బతికినవాళ్లు పక్కవాడి పేరు చెప్పగలరు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలకి ఫోక్‌స్టోన్ శ్మశానంలో సమాధులు కట్టారు, స్మారకం నిలబెట్టారు. జీతాల పుస్తకం, సొంతూరి చర్చి రిజిస్టరు, సమాధి రాయి, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక్కొక్క మనిషీ తేలతాడు. డేటాబేస్ భాషలో చెప్పాలంటే మూడు టేబుళ్లని కలపడమే.

కలపడానికి 'కీ' కావాలి. పేరు కీగా పనికిరాదు. ఇది కర్నూలోళ్లకి నేను చెప్పనక్కర్లేదు. మా బేతంచెర్లలో ఏ వీధికైనా పోయి మహబూబ్ బాషా అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఒకే మనిషి రేషన్ కార్డులో మహబూబ్, ఆధార్‌లో మెహబూబ్, బ్యాంకు పుస్తకంలో ఎం. బాషా. ముందు షేక్ ఉంటుందా ఉండదా అన్నది ఆరోజు కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి దయ. ఇక మహమ్మద్ అన్న పేరుని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో లెక్కపెట్టి చూడండి. అందుకే సైనిక రికార్డుల్లో పేరు కన్నా సర్వీస్ నంబరు ముఖ్యం. అది ఉంటే తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ అన్నీ వెనకాలే వస్తాయి. అది లేకపోతే ఇద్దరు ఒకడవుతారు, ఒకడు ఇద్దరవుతాడు.

ఘాజీ విషయంలో పైన చెప్పిన మూడు టేబుళ్లలో రెండు లేవు. బతికినవాళ్లు లేరు కాబట్టి సాక్ష్యం లేదు. మనుషులు చాలావరకు ఓడలోనే ఉండిపోయారు కాబట్టి ఒడ్డున సమాధులు లేవు. మిగిలింది కాగితం ఒక్కటే. సబ్‌మెరైన్ రేవు వదిలేముందు లోపల ఎవరెవరున్నారో జాబితా ఒడ్డున ఇచ్చి వెళ్లడం నౌకాదళాల్లో మామూలు పద్ధతి. ఆ కాగితం పాకిస్తాన్ వైపుది. కరాచీ నేవల్ డాక్‌యార్డ్‌లో ఘాజీకి స్మారకం కూడా ఉంది. మన వైపు కాగితాల సంగతంటారా, ఘాజీ మునకకి సంబంధించిన రికార్డులు ఎప్పుడో ధ్వంసమయ్యాయని 2010లో మన పత్రికల్లోనే వార్తలొచ్చాయి. గెలిచినవాడు కూడా కాగితం దాచుకోకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కాగితం ఉన్నా ఏ నెల కాగితం అన్నది చూడాలి. 1971 మార్చి చివర్లో ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవులో ఉన్న మాంగ్రో అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ నుంచి కొందరు బెంగాలీ నావికులు దిగిపోయి, నానా తిప్పలు పడి ఇండియా చేరారు, బంగ్లాదేశ్ కోసం పోరాడారు. ఆ తర్వాత ఏ ఓడ జాబితా అయినా పాతదే ఉంటుందని ఎలా అనుకోగలం? కాబట్టి ఆ ఏడాది మొదట్లో డెక్ మీద తీసుకున్న గ్రూప్ ఫొటో దొరికినా, అందులో నవ్వుతున్నవాళ్లంతా నవంబర్‌లో బయల్దేరారని రాసెయ్యకూడదు. ఇంట్లోవాళ్లకి అది ఎంత పెద్ద తేడానో ఆలోచించండి.

ఇంకో విషయం. విశాఖ సముద్రం కింద ఘాజీ ఒక్కటే లేదు. 1944 ఫిబ్రవరి 11న ఆర్ఓ-110 అనే జపాన్ సబ్‌మెరైన్ కొలంబో నుంచి కలకత్తా పోతున్న ఓడల గుంపు మీద దాడి చేసి, జమున అనే మన ఓడ, రెండు ఆస్ట్రేలియా ఓడలు కలిసి చేసిన ఎదురుదాడిలో మునిగిపోయింది. అందులోనూ ఎవరూ మిగల్లేదు. దానిమీద సినిమా రాలేదు కాబట్టి దాని పేరు కూడా మనకి తెలీదు. 2024లో మన నౌకాదళం లోతుల్లోకి పోయే కొత్త రెస్క్యూ వాహనంతో ఘాజీ శిథిలాన్ని చూసినప్పుడు ఈ జపాన్ ఓడ ప్రస్తావన కూడా వచ్చింది. ఘాజీని కనిపెట్టి కూడా ముట్టుకోలేదు. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో వదిలేశామన్నారు. నాకు నచ్చింది.

"శత్రువుల పేర్లు మనకెందుకప్పా?" అని మా ఊళ్లో ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఘాజీ మునిగిన ఐదు రోజులకే, డిసెంబర్ 9న, అరేబియా సముద్రంలో మన ఖుక్రీని వాళ్ల సబ్‌మెరైన్ హాంగోర్ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే ఉండిపోయారు. డయ్యూలో వాళ్లకి స్మారకం ఉంది. ఖుక్రీవాళ్లు ఎవరో మనకి తెలియాలి అనుకుంటాం కదా, ఆ అనుకోవడమే ఇది కూడా. పైగా రాయలసీమలో పొలం గట్ల మీద వీరగల్లులు చూడనిదెవరు? కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషి బొమ్మ. అతను ఏ రాజు పక్షాన పోరాడాడో, గెలిచాడో ఓడాడో ఊళ్లో ఎవరికీ తెలీదు, అయినా ఏడాదికొకసారి ఎవరో ఒకరు సున్నం కొట్టి బొట్టు పెడతారు. ఆయనకి నేను ఇదే చెప్పాను. ఒప్పుకున్నట్టు లేదు గానీ ఇంకేమీ అనలేదు.

మీరు విశాఖ పోతే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలోకి ఎక్కండి. అది రష్యా తయారీ, ఘాజీ కాదు, కానీ లోపల ఇరుకు తెలుస్తుంది. మంచాలు ఒకదానిమీద ఒకటి, మా ఇంట్లో పప్పు డబ్బాలు పెట్టే అలమర అరల్లాగా. ఒక మనిషి పక్కకి తిరగాలంటే ముందు ఆలోచించాలి. అలాంటి చోట దాదాపు మూడు వారాలు గడిపిన 93 మంది అక్కడి నుంచి మరీ దూరంలో లేరు. అదే బీచ్ రోడ్డులో 1971 విజయానికి గుర్తుగా కట్టిన 'విక్టరీ ఎట్ సీ' స్తంభం కూడా ఉంది, ఉండాల్సిందే. దాని దరిదాపుల్లో 93 పేర్లతో ఒక బండ పెట్టాలంటే పెద్ద ఖర్చేమీ కాదు. కరాచీ నుంచి సర్వీస్ నంబర్లతో సహా జాబితా ఒకటి రావాలి, అంతే. బండ సంగతి బేతంచెర్లకి వదిలేయండి, మా దగ్గర పాలిష్ ఫ్యాక్టరీలకి కొదవలేదు. పేర్లు చెక్కడానికి నాపరాయి కన్నా గ్రానైట్ మేలంటారా, అదీ తెప్పిస్తాం.